అనంతపురములో పాఠము చెప్పిన రాష్ట్రపతి
డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి జీవితము

మన అనంతపురములోని ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ముందుగా నడచి వెళ్లనివారు మన సంఘములలో అరుదు. 1916లో అది ప్రారంభమైనప్పుడు దాని పేరు దత్తమండలముల కళాశాల. 1800లో నైజాము నవాబు మన జిల్లాలను కుంపిణీవారికి ధారాదత్తము చేసినందున మన ప్రాంతమునకు ఆ పేరు పడెను. ఆ పేరు నచ్చక 1928లో నంద్యాల సభలో రాయలసీమ అను పేరు సూచించిన చిలుకూరి నారాయణరావుగారు ఈ కళాశాల అధ్యాపకులే. ఇల్లూరు గ్రామస్థులైన నీలం సంజీవరెడ్డిగారు ఈ కళాశాలలోనే చదువుచు, స్వాతంత్ర్యోద్యమము నిమిత్తము చదువు మానిరి. వారు 1977లో రాష్ట్రపతి అయిరి. ఆయనకు పదునైదేండ్లు ముందు రాష్ట్రపతియైన మరియొక తెలుగువారు ఆ కళాశాల పుట్టిన యేటనే అక్కడ పాఠము చెప్పిరి. ఆయనే డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు.

మన అధ్యక్షమండల శతవార్షిక సంచికలో క్రైస్తవుడు కాని ఒక తత్త్వవేత్త జీవితము ఎందుకని కొందరు అడుగవచ్చును. ఈ సంచికకు మిషనరీలను గూర్చియు, తొలి దేశీయ పాదిరులను గూర్చియు వ్రాయువారు చాలామంది ఉన్నారు. వారు స్థాపించిన బడులలో చదివి, వారి మాట విని, వారికి ఎదురు జవాబు చెప్పిన ఒక విద్యార్థిని గూర్చి కూడ ఎవరైనను వ్రాయవలెను గదా. పైగా ఆయన పలక బలపముల ప్రపంచమునుండి రాయబారమునకును, అక్కడనుండి రాష్ట్రపతి పీఠమునకును వెళ్లినవారు. సెమినరీలో చేరకముందు నేను కొంతకాలము బడిపంతులుగా ఉంటిని. సర్కారు జీతము వదలి చందా పళ్లెము పట్టుకొందువా అని మా పెద్దమ్మ ఆనాడు నన్ను నిలదీసెను. కాబట్టి ఉపాధ్యాయ వృత్తి విడిచినవారి కథలయందు నాకు సహజముగానే ఆసక్తి కలదు.

రాధాకృష్ణన్ గారు 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో జన్మించిరి. వారిది తెలుగు కుటుంబము. ఇంటిపేరును బట్టి వారి పూర్వికులది నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి గ్రామమని తెలియుచున్నది. తండ్రి వీరాస్వామిగారు స్వల్ప జీతముమీద జమీందారు కొలువులో పనిచేసినవారు. తల్లి సీతమ్మగారు. ఇంటిలో కలిమి లేదు. బాలుని చదువు చాలవరకు విద్యార్థివేతనములమీదనే నడిచెను.

ఆ చదువు ఎక్కడ జరిగెనో గమనించుడి. 1896నుండి 1900వరకు తిరుపతిలో, జర్మనీనుండి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషనువారి పాఠశాలలో. తరువాత నాలుగేండ్లు వేలూరులో, ఆర్కాటు మిషనువారి వూర్హీస్ కళాశాలలో. 1904నుండి 1908వరకు మద్రాసు క్రైస్తవ కళాశాలలో. అనగా ఎనిమిదవ యేటనుండి ఇరువదవ యేటివరకు ప్రతిదినము ఆయన విన్న పాఠములు మిషను బడులలోనివే. బైబిలు పాఠము తప్పనిసరి అయిన కాలమది. తిరుపతి కొండ నీడలో నివసించుచు, ఇంటిలో దేవతార్చన చూచి, బడిలో ప్రభువు కథ విని పెరిగిన బాలుడు ఆయన.

ఆ బడులు ఆయనకు రెండు ఇచ్చినవి. మొదటిది విద్య. దానిని ఆయన ఎన్నడును మరువలేదు. రెండవది గాయము. ఆ దినములలో కొందరు మిషనరీలు హిందూమతమును గూర్చి మాటలాడునప్పుడు అందులో నీతికి తావు లేదనియు, లోకము మాయయని నమ్మువారికి మంచి చెడ్డల భేదము ఉండజాలదనియు చెప్పుచుండిరి. తన తల్లి భక్తిని కన్నులార చూచిన పిల్లవానికి ఆ మాటలు ముల్లువలె గ్రుచ్చుకొనెను. మిషనువారి విమర్శయే తనను స్వమతమును లోతుగా పరిశీలించునట్లు చేసెనని పెద్దవాడైన తరువాత ఆయన తన ఆత్మకథా వ్యాసములో ఒప్పుకొనిరి.

తత్త్వశాస్త్రము చదువవలెనని ఆయన ఏరికోరి నిశ్చయించుకొన్నది కాదు. పట్టము పుచ్చుకొనిన దగ్గరి బంధువు ఒకరు తన పాత పుస్తకములు ఇచ్చిరి. అవి తత్త్వశాస్త్రపు పుస్తకములు. క్రొత్త పుస్తకములు కొన స్తోమతు లేదు గనుక ఆయన ఆ శాస్త్రమే పట్టిరి. మన ఇండ్లలోను అన్న చొక్కా తమ్మునికి వచ్చినట్లు పుస్తకములు వచ్చుట మనము ఎరుగనిది కాదు. ఆ పాత పుస్తకములు దేశమునకు ఒక తత్త్వవేత్తను ఇచ్చినవి.

ఎం.ఏ. పరీక్షకై ఆయన ఒక సిద్ధాంత వ్యాసము వ్రాయవలసి వచ్చెను. దానికి ఎన్నుకొన్న విషయము వేదాంతములోని నీతిశాస్త్రము. వేదాంతములో నీతికి చోటు లేదను విమర్శకు అది సూటియైన సమాధానము. ఆ వ్యాసమును చదువవలసిన గురువు ఎవరు? స్కాట్లండు మిషనరీయైన ఆల్ఫ్రెడ్ జార్జి హాగ్ గారు. 1903లో మద్రాసు వచ్చి, తరువాత పదేండ్లు అదే కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉండి, 1938లో విరమించినవారు. కర్మ సిద్ధాంతమును క్రైస్తవ విమోచన సిద్ధాంతముతో పోల్చి గ్రంథము వ్రాసిన పండితుడు. తన మిషనువారి బోధకే ఎదురు తిరిగిన ఇరువదేండ్ల విద్యార్థి వ్యాసమును ఆయన కోపముతో త్రోసివేయలేదు. విద్యార్థికి విషయము బాగుగా తెలియుననియు, క్లిష్టమైన తర్కమును నడిపించు శక్తి ఉన్నదనియు మెచ్చి యోగ్యతాపత్రము వ్రాసి యిచ్చిరి. 1908లో ఆ వ్యాసము పుస్తకముగా అచ్చయ్యెను.

హాగ్ గారి ఈ చిన్న పనిని గూర్చి నేను చాలాసార్లు ఆలోచించితిని. గమలియేలు పాదములయొద్ద నేర్చుకొన్న సౌలు గురువు ఊహించని త్రోవన వెళ్లెను. హాగ్ గారి శిష్యుడును అట్లే వెళ్లిరి. హాగ్ గారు ఆ వ్యాసమునకు తక్కువ మార్కులు వేసియుండిన ఆయనను ఎవరు ప్రశ్నింతురు? పేదవాడైన ఆ యువకుడు ఏదో కచ్చేరిలో గుమాస్తా పని వెదకుకొనియుండెడివాడేమో. తన విశ్వాసమును సడలించుకొనకయే ఎదుటివాని తెలివికి న్యాయము చేసిన ఆ గురువు మన మిషను చరిత్రలో గొప్పవారని నా అభిప్రాయము. మన సంచికలలో మాత్రము ఆయన పేరు కనబడదు.

1909 ఏప్రిలులో రాధాకృష్ణన్ గారు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉద్యోగమున చేరిరి. సైదాపేటలో ఉపాధ్యాయ శిక్షణ కూడ పొందిరి. క్రింది తరగతి సర్వీసు, చాలని జీతము. చిన్నతనముననే వివాహమైనది గనుక సంసార భారమును ఉన్నది. ఏడేండ్లు గడచిన తరువాత, 1916లో, ఆయనను అనంతపురమునకు బదిలీ చేసిరి.

ఆ అనంతపురమును ఊహించుకొనుడి. 1882లో బళ్లారినుండి విడదీసిన జిల్లా. వాన చాలని మెట్టనేల, ఎర్ర దుమ్ము, రాళ్ల గుట్టలు. 1876-78 నాటి ధాత కరువు కన్నులార చూచిన ముసలివారు ఇంకను ఊరూర బ్రతికియుండిరి. బళ్లారిలో 1810లో పని మొదలుపెట్టిన లండను మిషను మన పల్లెలలోనికి కూడ వచ్చియుండెను. మన గేరులలో చెట్టుక్రిందనో పూరిపాకలోనో పిల్లలకు అక్షరములు దిద్దించుచున్నవారు మిషను పంతుళ్లు. వారే సాయంకాలము ప్రార్థన నడిపించువారు. పట్టణములో క్రొత్తగా తెరచిన కళాశాలకు ఇరువదియెనిమిదేండ్ల ఉపన్యాసకుడు సముద్రతీరపు మద్రాసు విడిచి వచ్చుట మేలైన బదిలీయని ఎవరును అనరు. నేటికిని మన జిల్లాకు బదిలీయైన ఉద్యోగులు కొందరు మొగము ముడుచుకొందురు గదా! ఆయన ఇక్కడ ఎక్కువకాలము ఉండలేదు. 1917లో రాజమహేంద్రవరము కళాశాలకు మారిరి. ఏ ఉపాధ్యాయునికైనను జీవితములో ఒక అనంతపురము ఉండును. తాను ఎక్కడికి పోవుచున్నాడో ఆనాడు తెలియదు.

ఆ తరువాతి కథ వేగముగా నడిచెను. 1918లో మైసూరు మహారాజా కళాశాల. ఆ యేటనే రవీంద్రనాథ ఠాకూరు తత్త్వమును గూర్చిన గ్రంథము వెలువడెను. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయమునకు ఆచార్యులై వెళ్లునప్పుడు మైసూరు విద్యార్థులు బండికి గుఱ్ఱములు విప్పి, తామే దానిని రైలుస్టేషనువరకు లాగిరి. పంతులునకు ఇంతకంటె పెన్షను ఏమి కావలెను? 1923లోను 1927లోను భారతీయ తత్త్వశాస్త్ర చరిత్ర రెండు సంపుటములుగా వచ్చెను. ఆయన కీర్తికి మచ్చ లేదని చెప్పను. తన వ్రాతలను అనుమతి లేక వాడుకొనిరని జదునాథ్ సిన్హా అను బెంగాలీ పండితుడు 1929లో ఆరోపించెను. వ్యవహారము కోర్టుకు ఎక్కి, 1933లో రాజీతో ముగిసెను.

1926లో ఆక్స్‌ఫర్డులోని మాంచెస్టరు కళాశాలలో హిందూ జీవనదృష్టిని గూర్చి ఆయన ఉపన్యసించిరి. 1929-30లో మరల అక్కడ బోధించునప్పుడు ఆక్స్‌ఫర్డు, బర్మింగ్‌హాము, మాంచెస్టరు, లివర్‌పూలు పట్టణములలోని క్రైస్తవ ప్రసంగపీఠములనుండి ప్రసంగించుటకు ఆయనను ఆహ్వానించిరి. తెల్లని తలపాగా, పొడుగు కోటు ధరించిన హిందువు ప్రసంగపీఠముపై నిలిచి మాటలాడుచుండగా ఇంగ్లీషు సంఘము వినుచుండెను. మన సంఘములలో అట్టి ఆహ్వానము జరిగినయెడల కమిటీ మీటింగు ఎన్ని గంటలు సాగునో మీకే తెలియును.

ఉపాధ్యాయ పనినుండి మొదటి మలుపు 1931లో వచ్చెను. ఇరువది రెండేండ్లు పాఠము చెప్పిన తరువాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వైస్‌చాన్సలరుగా వచ్చిరి. పాఠము చెప్పువాడు కట్టడములు, నిధులు, నియామకములు చూచువాడయ్యెను. అయిదేండ్లు పనిచేసి 1936లో ఆక్స్‌ఫర్డులో ప్రాచ్య మతములు, నీతిశాస్త్ర ఆచార్యపీఠము నెక్కిరి. ఆ విశ్వవిద్యాలయములో అట్టి పీఠము పొందిన మొదటి భారతీయుడు ఆయనే. 1939నుండి 1948వరకు కాశీ హిందూ విశ్వవిద్యాలయమును నడిపిరి. స్వతంత్ర భారత విశ్వవిద్యాలయములను గూర్చి 1948-49లో నివేదిక సిద్ధపరచిన కమిషనుకు అధ్యక్షులు కూడ ఆయనే.

ఇక్కడ కొంచెము ఆగి, మన సంఘమునకు సంబంధించిన ఒక మాట చెప్పవలెను. 1938 డిసెంబరులో మద్రాసు దగ్గర తాంబరములో, హాగ్ గారి కళాశాల క్రొత్త ఆవరణలోనే, అంతర్జాతీయ మిషనరీ మహాసభ జరిగెను. హాలండు దేశస్థుడైన హెండ్రిక్ క్రేమర్ గారు ఆ సభకొరకు గ్రంథము వ్రాసి, సువార్తకును ఇతర మతములకును నడుమ వంతెన లేదని వాదించిరి. విరమించబోవుచున్న హాగ్ గారు దానికి ఎదురు నిలిచి, క్రీస్తును ఎరుగనివారిలోను దేవునితో నిజమైన సహవాసము ఉండుట తాను ఎరుగుదునని చెప్పిరి. ముప్పదేండ్ల క్రిందట తిరుత్తణి యువకుని వ్యాసము దిద్దిన అనుభవము ఆయనకు ఈ విషయమున ఏమియు నేర్పలేదనుకొనుట కష్టము. శిష్యుడు గురువు మతములోనికి రాలేదు, గురువు శిష్యుని మతములోనికి పోలేదు. అయినను ఇద్దరును ఒకరివలన ఒకరు నేర్చుకొనిరని నేను తలంచుచున్నాను.

రాధాకృష్ణన్ గారితో మనకు భేదములు లేవని కాదు. అన్ని మతములును ఒకే శిఖరమునకు పోవు దారులను భావము ఆయన వ్రాతలన్నిటిలోను కనబడును. సిలువ చరిత్రలో ఒక్కసారి జరిగిన దేవుని కార్యమని నమ్ము మనము దానితో ఏకీభవింపలేము. 1964లో స్టాన్లీ సమర్థా గారు ఆయన తత్త్వమును గూర్చి వ్రాసిన పరిచయ గ్రంథము సెమినరీలో చదివినప్పుడు, క్రైస్తవ పండితుడు ఎంత మర్యాదగా, ఎంత నిక్కచ్చిగా భేదింపవచ్చునో నాకు తెలిసెను.

అయితే నా మనస్సునకు కష్టము కలిగించినది సిద్ధాంత భేదము కాదు. ఆక్స్‌ఫర్డు ఉపన్యాసములలో ఆయన కులవ్యవస్థను భిన్న జాతులు కలహము లేక కలసి బ్రతుకుటకు పుట్టిన ఏర్పాటుగా వర్ణించిరి. అస్పృశ్యతను ఆయన ఖండించినమాట నిజమే. కాని ఆ ఏర్పాటు క్రింది మెట్టున నిలిచినవానికి ఎట్లుండెనో ఆ పుటలలో నాకు కనబడలేదు. మన సంఘములలో అధికులు మాలగేరి, మాదిగగేరులనుండి వచ్చినవారు. మన తాతలు ఊరి బావిలో చేదవేయ నోచుకొనక, ఎవరైనను కరుణించి దోసిట నీరు పోయువరకు ఎండలో నిలిచినవారు. ఈ కరువుసీమలో నీటిబొట్టుకు ఎదురుచూచుట యేమో మనకు తెలియును. ఆయన ఇక్కడ పాఠము చెప్పిన యేట ఆ కళాశాలకు కొద్ది మైళ్ల దూరములోని పల్లెలలో ఇట్లే జరుగుచుండెను. హిందూధర్మమునకు నీతి లేదన్న మిషనరీ పొరపాటు చెప్పెను. కాని మా గేరిలో బడి పెట్టినవాడును మిషనరీయే. ఈ రెండును ఒకే నోట చెప్పుట నాకు కష్టముగానే ఉన్నది, అయినను చెప్పక తప్పదు.

1949లో, అరువదియొకటవ యేట, ఆయన జీవితములో పూర్తిగా క్రొత్త పని ఆరంభమయ్యెను. నెహ్రూగారు ఆయనను మాస్కోకు రాయబారిగా పంపిరి. రాయబార వృత్తిలో ఒక్కరోజైనను శిక్షణ లేని ఆచార్యుడు, అందును దేవుని నమ్మువాడు, దేవుడు లేడను రాజ్యమునకు! చాలామంది ఆశ్చర్యపడిరి. ఆక్స్‌ఫర్డు ఆచార్యపీఠమును వదలకయే అక్కడ కొంతకాలము, ఇక్కడ కొంతకాలము గడపుచు పనిచేసిరి. ఆయనకు ముందున్న విజయలక్ష్మీ పండిట్ గారికి దర్శనమీయని స్టాలిన్ 1950 జనవరిలో ఒక రాత్రి ఆయనను పిలిపించెను. కళింగయుద్ధపు రక్తపాతము చూచి మనస్సు మారిన అశోకుని సంగతి ఆ నియంత ముందు రాధాకృష్ణన్ గారు ప్రస్తావించిరని చెప్పుదురు. 1952 ఏప్రిలులో తిరిగి వచ్చుటకు ముందు స్టాలిన్ మరల కలిసికొనెను. సర్వాధికారిని సహితము తరగతిలో వెనుకబల్ల విద్యార్థిని చూచినట్లు చూచుట పంతుళ్లకే చేతనగును.

1952 మే 13న ఉపరాష్ట్రపతి అయిరి. పదేండ్లు రాజ్యసభను నడిపిరి. సభ్యులు గొంతు పెంచినప్పుడు ఒక హాస్యపు మాటతో కూర్చుండబెట్టెడివారట. 1954లో భారతరత్న బిరుదము వచ్చెను. 1962 మే 13నుండి 1967 మే 13వరకు రాష్ట్రపతి. ఆ అయిదేండ్లు తేలికైనవి కావు. 1962లో చైనా యుద్ధము, 1964లో నెహ్రూగారి మరణము, 1965లో పాకిస్తాను యుద్ధము, 1966లో తాష్కెంటులో శాస్త్రిగారి మరణము. పదవి విరమించి మద్రాసులోని తన యింటికి తిరిగి వచ్చిరి.

రాష్ట్రపతియైన యేట కొందరు శిష్యులు, మిత్రులు ఆయన జన్మదినమును పండుగగా జరుపుదుమని కోరిరి. తన పేరిట వద్దనియు, ఆ దినమును ఉపాధ్యాయులకొరకు జరిపినయెడల సంతోషింతుననియు ఆయన చెప్పిరి. 1962నుండి సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవమైనది. పదమూడేండ్లుగా రాయబారము, ఉపరాష్ట్రపతిత్వము చేసి, దేశమంతటిలో ఉన్నతమైన పదవిలో కూర్చున్న మనిషి తన పుట్టినరోజును దేనికి ముడివేయవలెనో అడిగినప్పుడు, అనంతపురములోను రాజమహేంద్రవరములోను చేసిన పాత పనిని ఎంచుకొనిరి. బడి విడిచి పదిమంది నడుమకు వచ్చిన మా వంటివారికి ఈ సంగతి కొంచెము మనస్సును కలచును. నేటికిని ఆదివారపుబడిలో సుద్దముక్క చేతికి వచ్చినప్పుడు నా చేయి తనంతట తానే నల్లబల్ల వైపు పోవును.

1975లో టెంపుల్టన్ బహుమానము ఆయనకు లభించెను. మతరంగములో కృషికి ఇచ్చు ఆ బహుమానమును అంతకుముందు పొందినవారు ఇద్దరే. 1973లో కలకత్తా మదర్ తెరెసా గారు, 1974లో ఫ్రాన్సు దేశపు తైజే సహవాస స్థాపకులైన బ్రదర్ రోజే గారు. మూడవవాడు తిరుపతి లూథరన్ బడిలో చదివిన హిందువు. అప్పటికి ఆయన మంచమున పడియుండిరి. 1975 ఏప్రిలు 17న, ఎనుబదియారవ యేట, మద్రాసులో కన్నుమూసిరి. గురువు హాగ్ గారు అప్పటికి ఇరువదియొక్క యేండ్ల క్రిందటనే, 1954లో, ప్రభువునందు నిద్రించియుండిరి.

ప్రతి సెప్టెంబరు 5న మన మిషను పాఠశాలలలో పిల్లలు ఆయన పటమునకు పూలదండ వేసి, మిఠాయి పంచుకొందురు. నేను ఒకసారి ఒక బడిలో ఆ పటము చూపి, ఈయన ఎక్కడ చదివిరో తెలియునా అని అడిగితిని. ఆక్స్‌ఫర్డు అని ఒకడు, కాశీ అని ఒకతె చెప్పిరి. తిరుపతిలో మిషను బడి అని చెప్పగానే నమ్మక నవ్విరి. మన ఊరి ఆర్ట్స్ కళాశాలలో పాఠము చెప్పిరని చెప్పగా ఇంకను గట్టిగా నవ్విరి. బడి ముగిసిన తరువాత ఒక చిన్నవాడు మాత్రము నా వెంటబడి, ఏ గదిలో చెప్పిరో చూపించుడి అయ్యగారూ, అని అడిగెను. గది నాకు తెలియదు. ఒక శనివారము వానిని వెంటబెట్టుకొని పోయి, ఆ పాత కట్టడము చుట్టు ఒక ప్రదక్షిణము తిరిగి వచ్చితిమి.